కాటుక గొడుగులకు వెలుగు పట్టిన రోజు

మొన్న పొద్దుట పక్కింటి పనమ్మాయి అంట్లు తోమి, వాళ్ల మేడ పిట్టగోడ మీద పళ్లాలు వరుసగా ఎండకు ఆనించి వెళ్లింది. నేను వంటింటి కిటికీ దగ్గర పీట వేసుకుని చిక్కుడుకాయలకు ఈనెలు తీస్తున్నాను. ఏ పళ్లెం మీద పడి మళ్లిందో గాని, ఒక వెలుగు ముక్క కిటికీలోంచి వచ్చి ఎదుటి గోడ మీద గుండ్రంగా నిలిచింది. గాలికి పళ్లెం కదిలినప్పుడల్లా అది కూడా వణికింది. అంతే, నా చేతుల్లో కాయలు చేతుల్లోనే ఉండిపోయాయి. ఎవరైనా వస్తున్నారేమోనని చెవులు రిక్కించి కూర్చున్నాను. మా కోడలు చూసి, బీపీ మాత్ర వేసుకున్నారా అత్తయ్యా అని అడిగింది. వేసుకున్నానమ్మా అన్నాను. ఇది బీపీ కాదనీ, ఎప్పుడో తొంభైల చివర్లో మన్యంలో ఒక వాగు ఒడ్డున పట్టుకున్న దడ అనీ దానికి ఎక్కడ మొదలుపెట్టి చెప్పను? చెప్పడం కన్నా రాయడమే నయమనిపించింది. రాయడం నాకు నలభై దాటాక వచ్చిన విద్య. తప్పులేమైనా దొర్లితే నా వయసువాళ్లు మన్నిస్తారనే ధైర్యం.

మా వదినగారు, అంటే మా ఆయనకు అక్కగారు, రాజమండ్రిలో ఆడపిల్లల కాలేజీలో బోటనీ చెప్పేవారు. భీమవరం దగ్గర పొలాలూ చేపల చెరువులూ తప్ప మరో ధ్యాస లేని మా ఇంట్లో అంత చదువు చదివిన మొదటి మనిషి ఆవిడే. పెళ్లి వద్దన్నారు, ఆ మాట మీదే నిలబడ్డారు. చీర కొనుక్కోవడానికి పండగల దాకా ఆగే మనిషి, కెమెరా మాత్రం హైదరాబాద్ వెళ్లి మరీ కొనుక్కొచ్చారు. సెలవు దొరికితే చాలు, ఆ కెమెరా భుజాన వేసుకుని రంపచోడవరం దాటి, మారేడుమిల్లి ఘాట్ రోడ్డు ఎక్కి, అక్కడినుంచి కాలినడకన అడవిలోకి వెళ్లిపోయేవారు. పులులకో లేళ్లకో ఫోటోలు తీస్తారా అంటే అదీ కాదు. నాచు, రాతి సందుల్లో మొలిచే చిన్న చిన్న ఆకులు, గోరంత కప్పలు, సాలీళ్లు, పురుగులు, అన్నిటికన్నా ఎక్కువగా పుట్టగొడుగులు. మన కాలి కింద పడి నలిగిపోయేవన్నీ ఆవిడకు దేవుడి పటాలే.

ఆవిడ ఒంటరిగా అడవికి వెళ్లడం మా ఆయనకు నచ్చేది కాదు.

"అక్కా, ఆడకూతురువి ఒక్కదానివీ అడవిలో తిరగడమేంటి? ఎవరన్నా చూస్తే ఏమనుకుంటారు?" అన్నారొకసారి, మా వీధి అరుగు మీద కూర్చుని.

"చూసేవాళ్లుంటే అది అడవెందుకవుతుందిరా?" అన్నారావిడ.

మా ఆయన నావైపు తిరిగి, అయితే నువ్వు తోడు వెళ్లు అన్నారు. నా ఇష్టం ఎవరూ అడగలేదు. అడిగితే మాత్రం వద్దనేదాన్నే, ఎందుకంటే నాకు అడవి అంటే చచ్చేంత భయం. మా డెల్టాలో పుట్టినవాళ్లకు భూమి చాపలా పరిచి ఉండాలి, ఎటు చూసినా ఆకాశం అంచు కనబడాలి, ఎవరైనా వస్తుంటే మైలు దూరంనుంచే ఫలానావారని తెలిసిపోవాలి. ఆ కొండల్లో నాలుగు అడుగుల అవతల ఏముందో తెలియదు. పాములు, జలగలు, చలిజ్వరం, దారి తప్పడం, వీటన్నిటికీ వేరువేరుగా భయపడేదాన్ని. మొదటి రెండు మూడుసార్లు వదినగారి కొంగు పట్టుకునే నడిచాను. ఆవిడ విసుక్కోకుండా, పిల్లా, కొంగు వదిలితే కెమెరా పట్టుకుంటానే అని నవ్వేవారు.

నడవగా నడవగా భయం పోలేదు గాని, పని అలవాటయింది. నా పని ఏమిటంటే వెలుగు పట్టడం. పుట్టగొడుగు అందమంతా దాని గొడుగు కిందే ఉంటుంది, కింద సన్నటి రేకులు పుస్తకంలో కాగితాల్లా అమరి ఉంటాయి. అడవిలో అసలే చీకటి, ఆపైన గొడుగు నీడ. కెమెరాకు ఉండే లైటు కొడితే సున్నం కొట్టినట్టు తెల్లబోతుందని వదినగారు వాడేవారు కాదు. అందుకని ఆవిడ తడి ఆకుల మీద బోర్లా పడుకుని, రెండు మోచేతులూ నేలకు ఆనించి, ఊపిరి బిగబట్టి కెమెరాలోంచి చూస్తుంటే, నేను పక్కన చతికిలబడి, క్యారేజీలో అన్నం తినడానికి తెచ్చుకున్న స్టీలు పళ్లేన్నే కొంగుతో తుడిచి, చెట్ల సందుల్లోంచి పడే ఎండను దానితో పట్టి గొడుగు కిందకు పంపేదాన్ని. కొంచెం ఇటు, కొంచెం పైకి, ఆ, అలాగే, కదలకు అంటూ ఉండేవారావిడ. ఆ రేకుల్లోకి వెలుగు వెళ్లినప్పుడు అది గుడి గర్భాలయంలో దీపం పెట్టినట్టుండేది. భయం మాట ఆ కాసేపే మరిచిపోయేదాన్ని.

రీళ్లు కడిగించడానికి రాజమండ్రిలో స్టూడియోకు వెళితే అక్కడి ఆయన ఫోటోలన్నీ తిరగేసి, "ఏంటండీ మేడం, రీలంతా కుక్కగొడుగులేనా? ఒక్క మనిషన్నా లేడేంటండీ?" అనేవాడు. "మనుషులు కదులుతారండీ, ఇవి కదలవు," అనేవారు మా వదినగారు. ఆయన నన్ను చూసి జాలిగా తల ఊపేవాడు.

వాటికి ఆవిడ ఏవో నోరు తిరగని పేర్లు చెప్పేవారు. నేను మా ఇంటి పేర్లు పెట్టుకునేదాన్ని. ఒక రకం ఉండేది, కుళ్లిన దుంగల మీద పొద్దున్నే తెల్లగా, గంటల్లా మొలిచి, ఎండ ఎక్కేసరికి అంచులనుంచి నల్లగా కరిగి కన్నీళ్లలా కారిపోయేది. కాటుక కరిగినట్టుందని నేను దాన్ని కాటుక గొడుగు అన్నాను. ఆవిడకు ఆ పేరు నచ్చి, తర్వాత తనూ అలాగే అనేవారు.

ఇంకొక సంగతి చెప్పాలి, లేకపోతే జరిగింది అర్థం కాదు. నాకప్పటికి అక్షరం రాదు. మా అమ్మకు నేను పెద్దదాన్ని, నా తర్వాత వరసగా చెల్లెళ్లూ తమ్ముళ్లూ. వాళ్లను ఎత్తుకుని ఆడించడంలోనే నా బడి వయసు అయిపోయింది. పెళ్లయ్యాక ఎవరికీ ఆ సంగతి అడ్డు రాలేదు. బస్సు ఎక్కాలంటే పక్కన ఎవరో ఒకరు ఉండేవారు, లేకపోతే అసలు ఎక్కేదాన్నే కాదు. వదినగారికి తెలుసు గాని, ఇంట్లో మెట్టు ఎత్తుగా ఉందని తెలిసినట్టు తెలుసు, అంతే.

ఆ రోజుల్లో మన్యం ఎలా ఉండేదో మన వయసువాళ్లకు గుర్తుండే ఉంటుంది. కొండల్లో తుపాకులు పట్టుకుని తిరిగేవాళ్లు ఒకరు, వాళ్లకోసం తుపాకులు పట్టుకుని వెతికేవాళ్లు ఒకరు. ఇద్దరివీ ఆకుపచ్చ బట్టలే. మధ్యలో ఊళ్లవాళ్లు ఎవరు ఏం అడిగినా తెలియదండీ అనడం నేర్చుకున్నారు. పేపర్లో ఏదో ఒకటి వస్తూనే ఉండేది. నేను భయపడితే వదినగారు, కుక్కగొడుగులకు ఫోటోలు తీసుకునేవాళ్లతో ఎవరికే పని అనేవారు. నిజమేననుకునేదాన్ని.

ఆ ఏడు శ్రావణమాసంలో వానలు బాగా పడి, రెండు రోజులు తెరిపిచ్చిన సమయం. ముందురోజే మారేడుమిల్లి వచ్చి, వదినగారి దగ్గర చదువుకున్న అమ్మాయి ఒకరు అక్కడ టీచరుగా ఉంటే వాళ్లింట్లో పడుకుని, తెల్లారగానే అడవిలోకి వెళ్లాం. ఆ పొద్దుట వదినగారి అదృష్టం పండింది. ఒక ఆకు వెనక చచ్చిన చీమ కనిపించింది. ఆకు ఈనెను నోటితో కరుచుకుని అలాగే ఉండిపోయింది, దాని మెడలోంచి సన్నటి కాడ ఒకటి పొడుచుకొచ్చింది. అది కూడా ఒక రకం పుట్టగొడుగేనట, చీమ ఒంట్లో పెరిగి, దాన్ని తనకు కావలసిన చోటికి నడిపించి, అక్కడ చంపి మొలుస్తుందట. వింటుంటే నాకు ఒళ్లు జలదరించింది. ఆవిడ మాత్రం అప్పటికే మోకాళ్ల మీద కూర్చుని కెమెరా తీస్తున్నారు. దానికోసం ఎన్నో వానాకాలాలనుంచి వెతుకుతున్నారు. ఊపిరి తీయకుండా దాన్ని ఫోటోలు తీసి, ఆ హుషారులోనే కింద పల్లంలో ఒక దుంగ మీద కాటుక గొడుగులు విరగబూసి ఉంటే వాటి దగ్గర చాలాసేపు పడుకుండిపోయారు. అక్కడ చెట్లు కూలి ఎదుటి కొండవైపు ఖాళీగా ఉంది, ఎండ బాగా పడుతోంది. నేను పళ్లెం తిప్పుతూ కూర్చున్నాను.

మధ్యాహ్నానికి వాగు దగ్గరకు వచ్చి, పులిహోర తిని, నేను పళ్లెం కడుగుతున్నాను. నీళ్లలో ఏదో నీడ కదిలింది. తల ఎత్తితే అవతల ఒడ్డున బూట్లు. బూట్ల మీద ఆకుపచ్చ ప్యాంట్లు. అంతకన్నా పైకి చూడడానికి నాకు మెడ లేవలేదు. వెనకనుంచి కూడా ఆకులు నలిగిన చప్పుడు వినిపించింది. ఐదారుగురు ఉంటారు. అందరూ కుర్రాళ్లే, ఒక్కాయనకు మాత్రం గడ్డం నెరిసింది.

"పొద్దుటినుంచీ ఎవరికి సైగలు చేస్తన్నారు?" అన్నాడు వాళ్లలో ముందున్న కుర్రాడు.

"సైగలేంటండీ?" అన్నారు వదినగారు.

"కొండ మీదనుంచి మాకు కనపడదనుకున్నారా? తళుక్కుమంటం, ఆగటం. తళుక్కుమంటం, ఆగటం. అద్దమేది?"

అద్దం లేదు. నా చేతిలో నీళ్లు కారుతున్న పళ్లెం ఉంది. అందరి కళ్లూ దాని మీదకు వచ్చాయి. వదినగారు గబగబా చెప్పడం మొదలుపెట్టారు, ఫోటోలనీ, వెలుగనీ, పుట్టగొడుగుల కింద చీకటిగా ఉంటుందనీ. ఆవిడ కాలేజీలో పాఠం చెబితే వెనక బెంచీ దాకా వినిపించేదట. ఆ రోజు పక్కనున్న నాకే సరిగా వినిపించలేదు. చెబుతున్న కొద్దీ అది నాకే కట్టుకథలా అనిపించింది. పుట్టగొడుగుల కోసం రాజమండ్రినుంచి బస్సెక్కి వచ్చారా అని ఎవరో నవ్వారు.

ఆ కుర్రాడు నా చేతిలోంచి పళ్లెం లాక్కున్నాడు. "ఎవరిదీ కంచం?"

నాకు కొంచెం ధైర్యం వచ్చింది. మన ఇళ్లలో సామాను మీద పేరు కొట్టించకుండా ఉంచుతామా? "నాదేనండీ. నా పెళ్లికి మా పుట్టింటివాళ్లు పెట్టారు. నా పేరు కొట్టించారండీ, అంచు మీద ఉంటది, చూడండి," అని నా పేరు చెప్పాను.

అతను పళ్లెం తిప్పి, అంచు మీద చుక్కలు చుక్కలుగా కొట్టిన అక్షరాలు చూసి, నా మొహం చూసి, మళ్లీ పళ్లెం చూశాడు. తర్వాత పైకి చదివాడు. అది నా పేరు కాదు. ముందు ఇంటిపేరు పొడి అక్షరం, తర్వాత ఎవరో మగమనిషి పేరు. ఆ పేరు నేనెప్పుడూ వినలేదు.

"ఎవరీయన?"

"నాకు తెలీదండీ."

"నీ కంచం మీదున్న మగాడు నీకు తెలీదా?" అన్నాడు. వెనక ఒకడు కిసుక్కున నవ్వాడు. అతను మాత్రం నవ్వలేదు. పళ్లెం నా మొహం మీదకు పెట్టి, "చదువు," అన్నాడు.

"నాకు చదువు రాదండీ."

"పక్కనేమో కాలేజీ మేడం. నీకేమో అక్షరం ముక్క రాదు. నమ్మాలి మేము?"

నిజం చెబుతుంటే అబద్ధంలా వినబడే అవస్థ పగవాళ్లకు కూడా వద్దు. వదినగారు, ఆ అమ్మాయికి నిజంగానే రాదండీ అన్నారు. ఆ మాట అంటూ ఆవిడ తల దించుకున్నారు. పళ్లెం నాదే అని ఇంత గట్టిగా నమ్ముతూ, రోజూ అందులో అన్నం తింటూ, దాని మీద ఎవరి పేరుందో తెలియకుండా ఇన్నాళ్లు ఉన్నానా అని నాకు తల తిరిగింది. కెమెరా కూడా వాళ్ల చేతికి వెళ్లిపోయింది.

అప్పుడు వదినగారు, రండి, పొద్దుట ఫోటోలు తీసిన చోటు చూపిస్తాను, పుట్టగొడుగులు అక్కడే ఉంటాయి, మీరే చూద్దురుగాని అన్నారు. వాళ్లు ఒకళ్ల మొహాలు ఒకళ్లు చూసుకుని సరేనన్నారు. ముందు ఇద్దరు, వెనక మిగిలినవాళ్లు, మధ్యలో మేము. ఆ నడక నాకు ఇప్పటికీ కలలో వస్తుంది. అడుగు తడబడితే పారిపోతున్నామనుకుంటారేమో, గట్టిగా ఊపిరి తీస్తే ఏమనుకుంటారో, తల తిప్పితే ఎవరితో చూపు కలుపుతున్నాననుకుంటారో. నా చెప్పు తెగితే వంగి తీసుకోవడానికి కూడా భయపడి అక్కడే వదిలేశాను. సగం దూరం వెళ్లాక వదినగారి చెయ్యి నా చెయ్యిని గట్టిగా పట్టుకుంది. ఆవిడ పెదవులు కదలకుండా, "పిల్లా, ఈపాటికి కరిగిపోయుంటాయే," అన్నారు.

కరిగిపోయాయి. దుంగ మీద ఒక్క గొడుగు లేదు. నల్లటి జిగురు, ఎవరో సిరా ఒలకబోసినట్టు మరకలు, వంగిపోయిన కాడలు ఒకటో రెండో, వాటి మీద ముసురుతున్న ఈగలు. ఆ కుర్రాడు బూటు చివరతో ఆ జిగురును కదిపి, "ఇదా? దీనికోసమా రోజంతా పడుకున్నారు?" అన్నాడు. వదినగారు, ఇవి ఇంతేనండీ, పొద్దుట ఎంతో తెల్లగా ఉంటాయి అన్నారు. చీమ ఉన్న చోటు పైన చాలా దూరం, అక్కడికి రావడానికి వాళ్లకు ఓపిక లేదు.

వాళ్లు పక్కకు వెళ్లి మాట్లాడుకున్నారు. వచ్చి, ఒకళ్లు ఇక్కడే ఉండాలన్నారు. ఇంకొకళ్లు వెళ్లి, రాజమండ్రినుంచి కాలేజీ పెద్దవాళ్లెవరినైనా వెంటబెట్టుకుని రేపు సాయంత్రానికి ఇదే చోటికి రావాలన్నారు. రాకపోతే ఏమవుతుందో చెప్పలేదు. చెప్పకపోవడమే నాకు ఎక్కువ భయమేసింది.

వదినగారు ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు. "నువ్వెళ్లు. నేనుంటాను," అన్నారు.

ఆవిడ చిన్నప్పటినుంచీ అంతే, ఇంట్లో అన్నం తక్కువైనా నాకు ఆకలి లేదనే మనిషి. కాని నా భయం మరో రకం. కిందికి దిగి రోడ్డు దాకా ఎలాగో వెళతాననుకుందాం. మాకు చోటిచ్చిన టీచరమ్మాయి పొద్దుటే తన ఊరెళ్లిపోయింది, అక్కడ ఏ బస్సు ఎటు పోతుందో నాకెలా తెలుస్తుంది? రంపచోడవరంలో మారాలి, అక్కడ బోర్డులు చూడాలి. అడిగితే చెబుతారు, కాని ఎవరిని అడగాలి, ఎవరు ఎవరి మనిషో? అడిగినవాళ్లు ఎందుకంత కంగారుగా ఉన్నావంటే ఏం చెప్పాలి? భద్రాచలం బస్సెక్కి అటు పోతేనో? తప్పు బస్సెక్కితే ఇక్కడ ఈవిడ ప్రాణం పోతుంది. ఆ ఆలోచన రాగానే ఉన్నచోటే చతికిలబడ్డాను.

"నేనెళ్లనండీ," అన్నాను.

"మొండిదానా, వెళ్లవే!" అని వదినగారు జీవితంలో మొదటిసారి నామీద అరిచారు.

"నన్ను చంపినా వెళ్లను," అన్నాను ఏడుస్తూ. అలా అన్నాక, ఆ మాట ఎవరి ముందు అన్నానో గుర్తొచ్చి నోరు మూసుకున్నాను.

నెరిసిన గడ్డం ఆయన దగ్గరకు వచ్చాడు. నన్ను కాదు, నేను కూర్చున్న నేలను చూస్తున్నాడు. "లేమ్మా ఓసారి," అన్నాడు. లేచాను. ఆయన అక్కడ గొంతుక్కూర్చుని చేత్తో ఆకులు తడిమాడు. నేను పొద్దుట కూర్చున్న చోటే తెలియకుండా మళ్లీ కూర్చున్నాను. అక్కడ తడి ఆకులు అణిగి, చిన్న మొక్కలు నలిగి గుంట పడి ఉంది. దాని ముందు, దుంగకు ఆనుకుని, మనిషి పొడవున నేల చదునయి ఉంది. ముందువైపు రెండు చిన్న గుంటలు.

"మేడంగారూ, పొద్దుట పడుకున్నట్టు పడుకోండి," అన్నాడాయన.

యాభై దాటిన మనిషి, వందలమంది పిల్లలు లేచి నిలబడి నమస్కారం పెట్టే మనిషి, తుపాకులు పట్టుకున్నవాళ్ల ముందు చీర కుచ్చిళ్లు సర్దుకుని, ఆ బురదలో బోర్లా పడుకున్నారు. ఆవిడ మోచేతులు వెళ్లి ఆ రెండు గుంటల్లో సరిగ్గా కూర్చున్నాయి. నేను మొహం తిప్పుకున్నాను. ఆయన నన్ను నా చోటులో కూర్చోబెట్టి, పళ్లెం చేతికిచ్చి, పొద్దుట చేసినట్టు చెయ్యమన్నాడు. నా చేతులు వణికి వెలుగు దుంగ కిందా, చెట్ల మీదా, ఎదుటి కొండ మీదా ఎక్కడంటే అక్కడ పడింది. ఆయన కొండవైపు చూసి, వదినగారి పాదాలవైపు చూసి, పకపకా నవ్వాడు.

"ఒరే, సైగ చేసేవాడు ఎక్కడన్నా కొండకు కాళ్లు పెట్టి, మొహం మట్టిలో పెట్టుకుని పడుకుంటాడంట్రా? ఈవిడ చెయ్యి నిలవక వెలుగు పైకి పోయింది, అంతే."

కుర్రాడు ఒప్పుకోలేదు, ఇద్దరూ కాసేపు వాదించుకున్నారు. నేను పళ్లెం అలాగే పట్టుకుని కూర్చున్నాను, దించవచ్చో లేదో తెలియక. చివరికి వెళ్లండన్నారు. మళ్లీ ఈ కొండల్లో కనిపించొద్దన్నారు. కెమెరా ఇచ్చేముందు మాత్రం ఆ కుర్రాడు వెనక మూత తీసి, రీలంతా బయటికి లాగి, ఎండలో చాపి చూశాడు. తామంతా అందులో పడ్డామేమోనని వాళ్ల భయం వాళ్లది. వద్దనడానికి వదినగారు చెయ్యి ఎత్తి, ఎత్తిన చెయ్యి దించేసుకున్నారు. తుపాకి చూసి ఏడవని మనిషి, ఆ నల్లటి రిబ్బను అతని చేతిలోంచి నేల మీద పడుతుంటే చిన్నపిల్లలా ఏడ్చారు. చీమ అందులోనే ఉంది.

వాళ్లు ఎవరో, ఏ వైపువాళ్లో మాకు ఆ రోజూ తెలియలేదు, తర్వాతా తెలియలేదు. బస్సులో పళ్లెం ఒళ్లోనే పెట్టుకుని కూర్చున్నాను. గోకవరం దాటాక వదినగారు నా చెయ్యి పట్టుకుని, నాకోసం ఉండిపోయావు కదే, అంత ధైర్యం నీకెక్కడిది అన్నారు. నేను, ధైర్యం కాదండీ, బస్సు బోర్డు చదవడం రాదు కదా, తప్పు బస్సెక్కుతానేమోనని భయమేసింది అన్నాను. ఆవిడ నవ్వబోయారు. నవ్వు సగంలో ఆగిపోయింది. రాజమండ్రి వచ్చేదాకా కిటికీలోంచి బయటికే చూస్తూ కూర్చున్నారు. బస్సు దిగి, ఇంటిదారి పట్టకుండా, నన్ను బస్సు ముందుకు తీసుకెళ్లి బోర్డు చూపించి, ఇది 'రా', చూడు, పక్కన ఈ దీర్ఘం చూడు అన్నారు. నా మొదటి అక్షరం అక్కడ, డీజిలు వాసనలో, జనం తోసుకుంటుంటే నేర్చుకున్నాను.

ఇంటికి వచ్చాక పళ్లెం మీద పేరు ఎవరిదో మా ఆయన్ని చదవమన్నాను. ఆయన చదివి, ఇది మన పక్కింటావిడ మావగారి పేరు కదా, నీ దగ్గరికెలా వచ్చిందన్నారు. ఆ పెద్దాయన పోయి ఎన్నో ఏళ్లయింది, అందరం పెదనాన్నగారనే పిలిచేవాళ్లం, అసలు పేరు నాకెవరూ చెప్పలేదు. ఆయన సంవత్సరీకం రోజున పంచిపెట్టిన పళ్లాల్లో అదొకటి. వాళ్లింటి భోజనాలకు మా సామాను ఇచ్చినప్పుడు, తిరిగి వచ్చేటప్పుడు మారిపోయింది. నా పేరున్న పళ్లెం ఎవరింట్లో ఉందో దేవుడికే తెలియాలి. పక్కింటావిడకు చెబితే, "మా మావగారు బతికున్నంతకాలం గుమ్మం దాటలేదమ్మా, పోయాక నువ్వు అడవులు తిప్పావా?" అని కళ్లు తుడుచుకుంటూ నవ్వింది.

మా ఆయనకు సంగతంతా తెలిశాక అక్కాతమ్ముళ్లకు పెద్ద మాటలే అయ్యాయి. వదినగారు ఎదురు చెప్పలేదు. ఆ కొండలవైపు మళ్లీ వెళ్లలేదు. సెలవుల్లో మా ఊరే వచ్చి, కాలవ గట్టున నాచుకూ, కొబ్బరి మొదళ్ల మీద తెల్లటి మచ్చలకూ, లాకుల గోడ సందుల్లో మొలిచిన ఆకులకూ ఫోటోలు తీసేవారు. తీస్తూ తీస్తూ కెమెరా దించి, ఉత్తరంవైపు చూస్తూ నిలబడిపోయేవారు. అటు చూస్తే ఏమీ కనిపించదు, వరిచేలూ ఆకాశమూ తప్ప. నేను పక్కన పలక పట్టుకుని కూర్చుని గుణింతాలు రాసేదాన్ని. ఎవరైనా సైకిలు మీద గబగబా వస్తే ఇద్దరం ఒక్కసారే తల తిప్పేవాళ్లం. ఆ చీమ మళ్లీ ఆవిడకు కనిపించలేదు. రిటైరైన కొన్నేళ్లకు, ఒక వానాకాలంలోనే పోయారు.

పోయిన ఏడు వానల్లో నేను ఒక్కదాన్నే మారేడుమిల్లి వెళ్లాను. బోర్డులు చదువుకుంటూ, బస్సు మారుతూ, ఎవరినీ ఏమీ అడగకుండా వెళ్లాను. ఇంట్లో రాజమండ్రి చుట్టాలింటికని చెప్పాను. అక్కడ తుపాకుల భయం ఇప్పుడు లేదు, ఆ మాట ఎత్తితే కుర్రాళ్లు సినిమా కథ విన్నట్టు వింటారు. రోడ్డు వెడల్పయింది. కార్లు వరసగా ఆగి ఉన్నాయి, వెదురుబొంగుల్లో కోడి కాలుస్తున్న పొగ, ఎక్కడ చూసినా సెల్‌ఫోన్లు ఎత్తి పట్టుకున్న చేతులు. అందరూ అడవికి వీపు పెట్టి తమ ఫోటోలు తామే తీసుకుంటున్నారు. సంతోషంగా ఉన్నారు, ఉండనీ. భయం లేకుండా పిల్లలు అడవిలో తిరగడం మంచిదే, మా వదినగారు కోరుకున్నదీ అదే.

కాని నాకొకటి అనిపించింది. మేమిద్దరం ఆ దారుల్లో భయపడుతూ నడిచాం. భయపడుతూ నడిచాం కాబట్టి గట్టిగా మాట్లాడలేదు, ప్రతి అడుగూ చూసుకుని వేశాం. అలా చూసుకుని వేశాం కాబట్టే ఆకు వెనక చీమ కూడా కనబడింది. ఇప్పుడు ఎవరికీ కిందికి చూడవలసిన అవసరం లేదు.

వాగు దాకా వెళ్లే దారి పోల్చుకోలేకపోయాను. నా మోకాళ్లు కూడా అంత దూరం రానన్నాయి. రోడ్డు పక్క పిట్టగోడ మీద, కొండకు ఎదురుగా కూర్చున్నాను. కుళ్లిన దుంగ ఒకటి దగ్గర్లోనే ఉంది, దాని మీద చిప్స్ కాగితాలున్నాయి. జనం నా ముందునుంచి వెళుతూనే ఉన్నారు. నువ్వెవరు, ఇక్కడేం చేస్తున్నావని ఎవరైనా అడిగితే, ఈసారి తడబడకుండా మొదటినుంచీ చెప్పాలని మనసులో మాటలు కూర్చుకున్నాను. తిరుగు బస్సు వచ్చేదాకా అక్కడే కూర్చున్నాను. ఎవరూ అడగలేదు.